దుకాణము మూసిన పిమ్మట



నేటి ప్రసంగవిషయము మద్యపానము. ఈ మాట చెవిని బడగానే రచ్చబండమీది పెద్దలు కొందఱు "మరల నీతిబోధయా" యని నిట్టూర్తురని యెఱుగుదును. ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై బడిపిల్లలచేత నీతిపద్యములు వల్లె వేయించితిని. వానివలన ఒక్కడైనను త్రాగుడు మానినట్లు నాకు తెలియదు. కావున నీతి చెప్పను, చరిత్ర చెప్పెదను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మన మూడు తావులలో దుకాణము మూయుట పలుమాఱులు జరిగినది. త్రాగుడు మానదలచినవానికి కూర్చుండ చోటు చూపుట మాత్రము ఎన్నడును జరుగలేదు. అట్టి చోటు లోకములో ఎట్లు పుట్టినదో, దానిని వెదకుచు నేనెట్లు తిరిగితినో విన్నవించెదను.

మద్యనిషేధము నిన్న మొన్న పుట్టినది కాదు. భారతములో మౌసలపర్వము విన్నవారికి జ్ఞాపకముండును. మునుల శాపము తగిలిన పిమ్మట ద్వారకలో రాజశాసనము చాటించిరి. ఆనాటినుండి యాదవుల యిండ్లలో ఎవ్వరును సుర కాచరాదు, కాచినవానిని బంధువులతోకూడ కొఱత వేయుదురు. అంతకంటె కఠినమైన శాసనము ఏ ప్రభుత్వమును చేయలేదు. యాదవులు భయపడి ఊరిలో మానిరి. పిమ్మట తీర్థయాత్రయని ప్రభాసమునకు తరలునప్పుడు బండ్లకెత్తిన సంభారములలో మద్యము కూడ నుండెను. అచ్చట త్రాగిరి, సాత్యకికిని కృతవర్మకును మాటకు మాట పెరిగెను, తుంగ పెఱికి ఒకరినొకరు మోదుకొని చచ్చిరి. ఊరిలో నిషేధము, ఊరు దాటినచో పానము. ఈ కథను బడిలో ఎన్నిసార్లు చెప్పితినో లెక్కలేదు గాని, అది మన సరిహద్దు కథయే యని తోచుటకు చాల కాలము పట్టినది.

ఏలయనగా మన సీమ ఎల్లమీది సీమ. మదనపల్లెకును పుంగనూరునకును పడమట కోలారు సీమ. కుప్పమునకు ఒకప్రక్క కోలారు, మఱియొకప్రక్క కృష్ణగిరి. 1937 అక్టోబరు 1వ తేదీన చెన్నరాజధానిలో రాజగోపాలాచార్యులవారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించెను. మఱుసటి సంవత్సరము, 1938లో, మన చిత్తూరు జిల్లాకును కడప జిల్లాకును దానిని విస్తరించెను. అనగా తెలుగునాట మొట్టమొదట దుకాణములు మూసినది మన జిల్లాలలోనే. బొక్కసమునకు కలిగిన లోటు పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను వేసిరి. ఆ పన్ను రూపుమాఱి నేటికిని మనవెంట నున్నది, నిషేధము లేదు.

అప్పుడు మా నాయన పండ్రెండేండ్ల బాలుడు. పుంగనూరులో చెఱువు దిగువ ఒక కల్లుదుకాణముండెడిదట. దానిని మూసిన మఱునాటి సాయంకాలము వాడుకగా త్రాగువారు యథాప్రకారము వచ్చి, తాళము వేసిన తలుపునెదుట చింతచెట్టుక్రింద కూర్చుండిరట. కల్లు లేదు. అయినను చీకటిపడువఱకు మాటలాడుకొని లేచిపోయిరట. నాలుగు దినములు అట్లే వచ్చిరి. అయిదవ దినమున చెట్టుక్రింద ఎవ్వరును లేరు. ముళబాగిలు సీమకు దారిపట్టిరి. అది మైసూరు సంస్థానము, ఈ చట్టము అచ్చట చెల్లదు. ఈ ముచ్చటను మా నాయన నవ్వుచు చెప్పెడివాడు, నేనును చాలకాలము నవ్వితిని. ఆ నాలుగు దినములు వారు దేనికొఱకు వచ్చిరని మాలో నెవ్వరును అడుగలేదు.

సేలములో అధికారులు ఈ సంగతి కొంత గ్రహించిరనవచ్చును. కల్లుపాకకు బదులు టీ అంగళ్లు, భజనలు, ఆటలు ఏర్పఱుపవలయునని యత్నించిరి. అంతలో యుద్ధము వచ్చెను, యుద్ధకాలమున నిషేధమే నిలిచిపోయెను. 1946 తరువాత మరల తెచ్చి 1948 అక్టోబరు 2 నాటికి రాజధాని యంతటను అమలుజేసిరి. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన యేడాదికే, 1954 నవంబరులో, ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము ఈ మద్యనిషేధపు వివాదముమీదనే పడిపోయెను. 1960వ దశాబ్దపు చివర నిషేధము తొలగెను. 1980వ దశాబ్దమున సర్కారు సారాయి ప్యాకెట్లలో ఊరూర దిగెను. ఆ పథకమునకు వారుణి వాహిని యని నామకరణము చేసిన పండితుడెవరో గాని, పాలసముద్రమున పుట్టిన దేవతను ప్లాస్టిక్కు సంచిలో కట్టినాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మొదలగువారు, చదువుకొను బడిలో కూడి మాటలాడుకొని సారాయిపై లేచిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిలిచెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో పోయెను. దూబగుంటలో ఆడువారికి కూడుటకు ఒక బడి దొరకినది, అందుచేతనే వారి మాటకు బలము కలిగినది. వారి మగవారికో? దుకాణము పోయినది, దానికి బదులు వేఱొక చోటు రాలేదు.

ఇక నా సంగతి. కుప్పములో నేను పనిచేసిన నాటి శిష్యుడొకడు కలడు. పేరు చెప్పను, ఏల చెప్పనో పిమ్మట తెలియును. మదనపల్లె టమాటా మార్కెట్టునుండి చెన్నపట్టణమునకు లారీ తోలువాడు. 2018లో అతని భార్య పుంగనూరులో మా యింటికి వచ్చినది. "అయ్యవారూ, మీ మాటంటే వింటాడు, ఒక్కతూరి చెప్పండి" అని గడపలో కూలబడినది. త్రాగి లారీ తోలుచున్నాడు. ఘాటురోడ్డులో ఒకనాడు బండి కల్వర్టు గోడ నొరసికొని నిలిచినదట.

అతడు మానుటకు యత్నింపనివాడు కాడు. కాణిపాకము వరసిద్ధివినాయకుని సన్నిధిలో మూడుమాఱులు ప్రమాణము చేసినాడు. ఆ స్వామియెదుట అబద్ధమాడరాదని మన జిల్లా యంతట నమ్మిక. త్రాగుడు మానెదనని ప్రమాణము చేయుటకు అచ్చటికి పోవువా రెందఱో కలరు. ప్రమాణము చేసిన దినమున అతడు నిజమే చెప్పినాడు. ఎనిమిదవ దినమున అతనిని "ఎట్లున్నావు" అని అడిగినవారు లేరు. రెండుమాఱులు అయ్యప్పమాల వేసినాడు. మాల మెడలో నున్న నలువదియొక్క దినములు చుక్క ముట్టలేదు, మాల తీసిన రాత్రియే త్రాగినాడు. దీక్షలోని నిష్ఠయే అతనిని కాపాడినదని మనమందుము. నిజమే. కాని ఆ దినములలో ప్రతి సాయంకాలము పదిమంది స్వాములతో భజన, వారితోడనే భిక్ష, వారితోడనే పడక. ఊరంతయు అతనిని "స్వామీ" యని పిలిచినది. మాల తీయగానే ఆ పదిమందియు ఎవరి యిండ్లకు వారు పోయిరి. మిగిలినది లారీస్టాండు స్నేహితులు.

నేను చేసిన తప్పును చెప్పవలయును. ముందు నీతి బోధించితిని, తలవంచుకొని విన్నాడు. పిమ్మట అతని మామయు నేనును ఆలోచించి, నాలుగు దినములు గదిలో పెట్టి గడియ వేసినచో అదే వదలునని నిశ్చయించితిమి. రెండవనాటి రాత్రి చేతులు వణకి, ఒడలెల్ల చెమట పట్టి, మూర్ఛ వచ్చి పడినాడు. ఆసుపత్రికి మోసికొనిపోయితిమి. అక్కడి వైద్యుడు నన్ను చూచి "పెద్దవారు మీరే యిట్లు చేసిన నెట్లు" అని మందలించెను. ఏండ్లతరబడి దినదినము అధికముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల మొదటి రెండు మూడు దినములలో మూర్ఛలు రావచ్చును, లేనివి కనబడవచ్చును, ప్రాణమే పోవచ్చును. వైద్యుని కనిపెట్టుకొనియుండగా, మందులతోను విటమిను ఇంజెక్షన్లతోను దింపవలయును. ఈ ఒక్క సంగతి పెద్దలందఱు తెలిసికొనినచో నా ప్రసంగము వ్యర్థము కాదు.

వారము దినములకు ఇంటికి పంపుచు ఆ వైద్యుడే మఱియొక మాట చెప్పెను: "ఒడలిలోని మద్యమును మేము దింపితిమి. ఇకమీద వీనికి తనవంటివారి సభ కావలెను. త్రాగి మానినవారు కూడు సభలున్నవి, వెదకుడు." త్రాగి మానినవారి సభ! అట్టిది విననేలేదు. చదువరిని గనుక ముందు దాని పుట్టుక చదివితిని.

1840 ఏప్రిలులో అమెరికాదేశపు బాల్టిమోరు నగరమున ఒక పానశాలలో ఆఱుగురు త్రాగుబోతులు కూర్చుండి, తాము మానవలెనని ఒక ప్రతిజ్ఞాపత్రము వ్రాసికొనిరి. వారిలో దర్జీ, వడ్రంగి, కమ్మరి, వెండిపనివాడు, బండ్లు కట్టువాడు కలరు. మన పల్లె వృత్తులవారివలెనే యున్నారుగదా. వాషింగ్టను పేరు పెట్టుకొనిరి. వచ్చినవాడు తరువాతి సభకు మఱియొకని తీసికొనిరావలెనని వారి కట్టుబాటు. సభలో ఉపన్యాసములు తక్కువ. లేచి ఎవని కథ వాడు చెప్పుటయే ముఖ్యము. కొలది యేండ్లలో లక్షలమంది చేరిరి. 1842లో అబ్రహాము లింకను వారి సభలో మాటలాడెను. ఆపై రాజకీయములు, శాసనవాదములు, వేదికలమీది ప్రగల్భములు చొచ్చి పదియేండ్లు నిండకముందే ఆ సంఘము చెదరిపోయెను. మన సంఘములు చెదరు తీరు వేఱుకాదు.

ఆ బీజము మరల మొలచినది 1935లో. విల్యం విల్సను అను న్యూయార్కు షేర్ల వ్యాపారి త్రాగుడు మాని కొన్ని నెలలయినది. ఆ మే నెలలో ఏక్రను అను ఊరికి వ్యాపారముమీద పోయి, పని చెడి, ఒక హోటలులో ఒంటరిగా నిలిచెను. ఒకప్రక్క పానశాలలోని నవ్వులు వినవచ్చుచున్నవి, మఱియొకప్రక్క టెలిఫోను కలదు, చర్చీల పేర్ల పట్టిక కలదు. అతడు టెలిఫోను వైపు పోయెను. ఆ ఊరిలో తనవంటి త్రాగుబోతు ఎవడైన నున్నాడా, వానితో మాటలాడవలెను అని ఒకరి వెంట ఒకరిని అడుగుచు పోయెను. గమనింపుడు: అతడు వెదకినది వైద్యుని గాదు, గురువును గాదు. తుదకు ఒక గృహిణి ద్వారా రాబర్టు స్మిత్తు అను శస్త్రవైద్యుడు దొరకెను. ఆయనయు త్రాగుబోతే. పదునైదు నిమిషములు మాత్రమే కూర్చుందునని వచ్చినవాడు రాత్రి పొద్దుపోవువఱకు లేవలేదు. ఆ వైద్యుడు కడసారి త్రాగినది జూన్ 10వ తేదీన. ఆ దినమునే తమ సంఘపు జన్మదినముగ వారు చెప్పుకొందురు.

1939లో వారు వెలువరించిన పుస్తకముపేరే సంఘమునకు పేరయినది: ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా పేరు వెల్లడింపని త్రాగుబోతులు. చందా లేదు. హాజరుపట్టీ లేదు. మానవలెనను కోరికయే ప్రవేశార్హత. ఇంటిపేరు అడుగరు. జన్మమంతయు మానెదనని ప్రతిజ్ఞ చేయింపరు, నేటి యిరువదినాలుగు గంటలు మానుము అందురు. దేవుని మాట వారి నియమములలో కలదు గాని, ఎవనికి తోచిన దేవుడు వానిదే. త్రాగువారి భార్యలకు, తల్లులకు వేఱుగా సభలు 1951లో ఏర్పడినవి. ఇది పనిచేయునా యని సందేహించువారికి ఒక్క మాట: 2020లో పరిశోధకులు 27 పరిశీలనలను జోడించి చూచి, పూర్తిగా మానియుండుటలో ఈ పద్ధతి ఇతరచికిత్సలకు తీసిపోదనియు, కొన్నిటిని మించుననియు తేల్చిరి.

భారతదేశమున ఈ సభలు 1957లో మొదలయినవి. 1980లో చెన్నపట్టణమున శాంతి రంగనాథనుగారు, త్రాగుడువలన భర్తను పోగొట్టుకొనిన పిమ్మట, ఆయన పేరనే చికిత్సాలయము స్థాపించిరి. వారు తంజావూరు సీమలోని మంజక్కుడి గ్రామమున శిబిరములు పెట్టి, ఊరి పెద్దల తోడ్పాటుతో పల్లెలోనే చికిత్స జరిపించిరి. పల్లెవానికి పట్టణపు చికిత్స యెందుకని అనువారు ఈ సంగతి గమనింతురుగాక.

చదువుట అయినది, వెదకుట మిగిలినది. మదనపల్లెలో అడిగితిని, పుంగనూరులో అడిగితిని. ఒక అంగడివాడు "మీటింగా అయ్యవారూ? వైన్ షాపు ఎనకాల దినామూ సాయంత్రం ఆరింటికి జరుగుతాది" అని నవ్వినాడు. నాకు కోపము రాలేదు. వాడు చెప్పినది యథార్థము. మన ఊళ్లలో ఆ జనము కూడు తావు అదియొక్కటే. మదనపల్లెకు ఖ్యాతి తెచ్చిన సంస్థలు లేకపోలేదు. 1912లో క్షయరోగులకై ఆరోగ్యవరము, 1915లో అనిబిసెంటమ్మగారి కళాశాల వెలసినవి. క్షయరోగిని ఊరు వెలివేయు కాలమున వానికొఱకు ఒక కొండప్రక్క చోటు చూపిన ఊరది. త్రాగురోగికి చోటెక్కడ అని అడిగినచో అందఱును నవ్విరి.

తుదకు ఆ వైద్యుడిచ్చిన ఒక నంబరునకు ఫోను చేసితిని. కన్నడపు యాస కలిసిన తెలుగులో ఒక గొంతు పలికినది. నేను నా పేరు, పూర్వోద్యోగము మొదలుపెట్టగా ఆయన ఆపి, "నేనూ తాగుబోతునే సార్, పదకొండేండ్లాయె తాగక. మీరు కాదు, ఆయనకీయండి ఫోను" అన్నాడు. ముప్పావుగంట మాటలాడుకొనిరి. ఆ ఆదివారము మేమిద్దఱము కుప్పములో రైలెక్కి బెంగుళూరు పోయితిమి. సభ జరుగునది ఒక చర్చి ఆవరణములోని పిల్లల గది. చిన్న చిన్న బల్లలు, గోడమీద అక్షరమాల. త్రాగనివాడను గనుక నేను బయట వేపచెట్టుక్రింద కూర్చుంటిని. గంటన్నరకు వచ్చినాడు. లోపల కొందఱు తమిళములో, కొందఱు కన్నడములో మాటలాడిరట. కుప్పమువానికి ఆ రెండును వచ్చును. "అందరూ నా కతే చెప్తాండారు అయ్యవారూ. నా పేరొక్కటే లేదు" అన్నాడు. రైలులో మరల మాటలాడలేదు.

కథ అంతటితో సుఖాంతము కాలేదు. నాలుగవ నెలలో మరల త్రాగినాడు. సిగ్గుపడి రెండు ఆదివారములు పోలేదు. మూడవ ఆదివారము పోగా, మందలింపక టీ యిచ్చి కూర్చుండబెట్టిరట. నేనైతే మందలించియుందును.

2020 మార్చిలో రైళ్లు నిలిచినవి, మద్యపు దుకాణములు కూడ మూసిరి. నా యెఱుకలో ఇది మన సీమకు మఱియొక నిషేధము, చట్టము లేని నిషేధము. మే 4న తెఱచినప్పుడు మన జిల్లాలోని వరుసలు పత్రికలలో చూచితిమి. ఆ జూలై చివర ప్రకాశము జిల్లా కురిచేడులో దుకాణములు మూతబడియుండగా, చేతులు శుభ్రపఱచుకొను ద్రావకము త్రాగి పదిమందికి పైగా మరణించిరి. మూసిన తలుపునెదుట చింతచెట్టుక్రింద కూర్చుండిన మా నాయన కాలపువారు నాకప్పుడు మొదటిసారి నవ్వు పుట్టింపలేదు. నా శిష్యుడు ఆ నెలలలో సభకు ఫోనులోనే హాజరయ్యెడివాడు. వాని పల్లెలో సిగ్నలు అందునది ఊరి వెలుపల గుట్టమీద. వారమునకు రెండు సాయంకాలములు గుట్టయెక్కి, చెవిలో తీగ పెట్టుకొని కూర్చుండెడివాడు. ఊరివారు వానికి పిచ్చి పట్టినదనిరి.

ఇప్పుడు వానితో కలసి మఱి ముగ్గురు కూర్చుండుచున్నారు. ఎచ్చట, ఎవరెవరు అని చెప్పరాదు. పట్టణములో పేరు దాచుట సులభము. పుంగనూరులో ఒకడు వీధి మాఱి నడచినచో మఱునాటికి మూడు వీధులకు తెలియును. కావున ఈ విషయమున పెద్దలు చేయగల సాయము ఒక గది యిచ్చుట, ఎవరు వచ్చిరని అడుగకుండుట. రెండవదే కష్టము. నాకును కష్టముగనే యున్నది.

వెదకదలచినవారికి రెండు నంబర్లు చెప్పెదను, వ్రాసికొనుడు. మాదకద్రవ్యముల, మద్యముల వ్యసనమునకు సంబంధించి కేంద్రప్రభుత్వపు ఉచిత సహాయవాణి 14446. మనోవ్యాధులకు సంబంధించి 2022 అక్టోబరునుండి టెలిమానస్ అనునది కలదు, దాని నంబరు 14416. ఫోను చేయుటకు మీరు త్రాగువారే కానక్కఱలేదు. కాని కొంత మాటలాడిన పిమ్మట ఫోనును త్రాగువాని చేతికే యిండు.

ఆ గది తాళపుచెవి నాయొద్ద నుండును. ఆదివారము సాయంకాలము ఆఱుగంటలకు తెఱచి, నీళ్లబిందె నింపి, నేను చెఱువుకట్టకు నడకకు పోవుదును. ఏడున్నరకు తిరిగి వచ్చునప్పటికి ఎవ్వరును ఉండరు. టీగ్లాసులు కడిగి బోర్లించియుండును. ఎన్నో లెక్కపెట్టకుండ లోపల పెట్టి తాళము వేయుదును. పోయిన వారము మాత్రము చూపు ఆపుకొనలేకపోయితిని. అయిదున్నవి.